‘రేడియేషన్’: ఒక మాట కింద అనేకార్థాలు

సెల్‌ఫోన్ టవర్ గురించి చెప్పినా, ఆసుపత్రిలోని ఎక్స్‌రే గది గురించి చెప్పినా వ్యవహారంలో వినిపించే మాట ఒక్కటే: రేడియేషన్. శాస్త్రగ్రంథాలలో దీనికి ‘వికిరణం’ అనే పదం స్థిరపడింది. వెలుతురు, వేడి, రేడియో తరంగాలు, గామా కిరణాలు అన్నీ వికిరణాలే. వీటిలో పరమాణువు నుండి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగల శక్తి కలిగినవి అయనీకరణ వికిరణాలు. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు ఈ కోవకు చెందుతాయి. టవర్ల నుండి వెలువడే రేడియో తరంగాలకు ఆ శక్తి లేదు. తీవ్రత మితిమీరితే అవి కణజాలాన్ని వేడెక్కిస్తాయి. జాగ్రత్త అక్కరలేదని దీని అర్థం కాదు. 2012లో భారత ప్రభుత్వం టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకు తగ్గించింది. అయినా ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

‘రేడియోధార్మికత’ మరొకటి. ఇందులోని ‘ధర్మం’ గుణం, స్వభావం అనే అర్థంలోనిది. (‘ధార్మిక ప్రసంగం’ అలవాటైన చెవికి ఇది కొంత వింతగానే తోస్తుంది.) అస్థిరమైన పరమాణు కేంద్రకం తనంత తానుగా విచ్ఛిన్నమయ్యే గుణం రేడియోధార్మికత, అప్పుడు వెలువడేది వికిరణం. ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థం ఉండదు. విద్యుత్తు ఆపగానే కిరణాలూ ఆగిపోతాయి.

సహజమైనది నిరపాయకరమనీ, మానవ నిర్మితమే హానికరమనీ భావించడం కూడా పొరపాటే. ప్రకృతి నుండి మనిషికి ఏడాదికి అందే అయనీకరణ వికిరణం ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అందులో దాదాపు సగం రాడాన్ వాయువు వల్లనే. నేలలోని, రాళ్లలోని యురేనియం క్షయం చెందే క్రమంలో పుట్టే ఈ వాయువు గాలి ఆడని గదులలో పేరుకుంటుంది. అనేక దేశాలలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాతి కారణం ఇదే. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంది. మన ఒంట్లోని పొటాషియంలోనూ స్వల్పంగా రేడియోధార్మిక అంశం ఉంటుంది.

వైద్యంలో పదాల అయోమయం మరింత చిక్కు తెస్తున్నది. ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకన్నా తక్కువ. సి.టి. స్కాన్‌ది దానికి అనేక రెట్లు. అందుకే అవసరాన్ని వైద్యుడు తూచి నిర్ణయించాలి. గర్భిణులకు సాధారణంగా చేసే ‘స్కానింగ్’ మాత్రం ధ్వని తరంగాలతో జరిగేది. అందులో అయనీకరణ వికిరణమే లేదు. ఎం.ఆర్.ఐ.లోనూ అంతే, అక్కడ పనిచేసేవి అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలు. తెలుగులో ఈ మూడింటికీ ‘స్కానింగ్’ అనే ఒక్క మాటే వాడుతున్నాం. అవసరమైన పరీక్షకు భయపడే గర్భిణికి, కోరి సి.టి. తీయించుకునే రోగికి మనం అందిస్తున్న పదం అదే.