పొగ పట్టిన కీమాబిళ్ల

పొగ అంటే గృహిణికి శత్రువే. ఇంటికి గాస్ పొయ్యి వచ్చిననాడు ఆడవాళ్లు మొట్టమొదట సంతోషించింది వంట త్వరగా అవుతుందని కాదు, ఇక కళ్లు మండవు గదా అని. అయితే ఆ పొగతోపాటు వంటింట్లోనుంచి మరొకటి కూడా చల్లగా జారిపోయింది. కట్టెల పొయ్యి నిప్పులలో కాల్చిన వంకాయ పచ్చడికీ, గాస్ మంటమీద పైతొక్క మాడ్చిన వంకాయ పచ్చడికీ వున్న తేడా నాలుకకే తెలుస్తుంది. అలా పోగొట్టుకున్న వాసననే ఇప్పుడు పట్నాలలో మన పిల్లలు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. దాని పేరు స్మోక్డ్ బర్గర్.

బర్గర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కీమాను బిళ్లగా తట్టి, కాల్చి, రెండు బన్ను ముక్కల మధ్య పెట్టడమే. జర్మనీలోని హాంబర్గ్ పట్టణం పేరు దానికి అంటుకున్నది, అమెరికా దానిని ప్రపంచమంతా తిప్పింది. 1996లో మెక్‌డొనాల్డ్స్‌వారు ఢిల్లీలో మనదేశపు మొదటి దుకాణం తెరచినప్పుడు గొడ్డుమాంసం జోలికి పోకుండా మటన్‌తో బిళ్లలు చేసి, దానికి మహారాజా అని పేరు పెట్టారు. తరువాత కోడిమాంసానికి మారారు. అదలా వుంచితే, కీమాకు పొగ పట్టించడం మాత్రం సీమనుంచి దిగుమతి కానక్కరలేదు. హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో వండిన కీమా మధ్య చిన్న గిన్నె పెట్టి, అందులో రగిలిన బొగ్గు వేసి, దానిమీద నెయ్యి చుక్కలు వదిలి, గబుక్కున మూత వేసే పద్ధతి ఎంతోకాలంగా వున్నది. ఉత్తరాది వంటవాళ్లు దానినే దుంగార్ అంటారు.

ఇక మనవైపు సంగతి. ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం పల్లెలు మొదలుకొని తూర్పున భద్రాచలం అడవులదాకా పొగ వాసన ఎరగని మాంసం పాతకాలంలో లేదనే చెప్పవచ్చు. ఒట్టితునకలు తెలియనివారెవరు? మాంసాన్ని పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెంమీద ఎండబెడతారు. ముసురు పట్టి ఎండ లేకపోతే ఆ దండెం పొయ్యిపైకి వస్తుంది. ముక్క కర్రలాగా గట్టిపడేదాకా దించరు. ఆ తరువాత గోంగూరలోనో, చింతచిగురులోనో పడి ఉడికితే వచ్చే రుచి ఏ బర్గరుకూ రాదని నా అభిప్రాయం. అడవిలోని కోయగూడేలలో పొయ్యిపై అటక మాంసానికీ, చేపలకూ, విత్తనాలకూ కూడా కొట్టుగది.

ఇంత అనుభవం వున్నచోటనే ఒక పొరపాటు భావం కూడా వున్నది. ఆ ప్రాంతపు ఇంట్లో నేను చూసిన మాట చెబుతాను. హైదరాబాదులో చదివే మనుమడు సెలవులకు వచ్చి, దొడ్లో కుంపటి పెట్టి, కీమాబిళ్లలకు పొగ పట్టించాడు. ముసలామె పీట వేసుకుని కూర్చుని చూస్తున్నది.

"ఏమిరా కొడుకా, పొగ మంచిగనే పట్టింది గదా. ఇగ ఎల్లుండి దాక ఉంటయి గదా?"

"ఉండవు నానమ్మా, ఇయ్యాలనే తినాలె."

"అట్లెట్ల? మా తునకలు ఆర్నెల్లుంటయి గదరా!"

ఆమె ప్రశ్న తేలికగా తీసిపారవేయవలసింది కాదు. తునకలు నిల్వ వుండడానికి అసలు కారణం పొగ కాదు. ఉప్పు, ఎండుదనం. తడిలేనిచోట సూక్ష్మక్రిములు పెరగలేవు. పొగలోని ఆమ్లాలూ, ఫినాలు జాతి పదార్థాలూ పైపొరమీద క్రిములను కొంత అణచి, కొవ్వు సిక్కు వాసన రాకుండా కాపాడతాయి. అంతవరకే. కీమాబిళ్లలో సగానికి మించి నీరే. దానికి పట్టిన పొగ రుచి కోసమే గాని రక్షణ కోసం కాదు.

ఇంకొక మెలిక వున్నది. పచ్చిమాంసపు ముక్కలో క్రిములు సాధారణంగా పైనే వుంటాయి. పైన బాగా కాలితే అవి చస్తాయి. కీమా కొట్టినప్పుడు పైన వున్నవి లోపలికి, లోపలివి పైకి కలిసిపోతాయి. అందువల్ల బిళ్ల నడిబొడ్డుదాకా వేడి చేరితీరాలి. 1993లో అమెరికా పడమటి రాష్ట్రాలలో సరిగా ఉడకని బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. దానికి కారణమైన ఇ.కోలై రకం క్రిమి పశువుల పేగులలో వుంటుంది. గొర్రెలలో, మేకలలో కూడా వుండవచ్చు. అప్పటినుంచి అక్కడ బర్గర్ వండే పద్ధతే మారిపోయింది. మేక, గొర్రె కీమా అయితే బిళ్ల మధ్యలో 71 డిగ్రీల సెంటిగ్రేడు, కోడి అయితే 74 డిగ్రీలు వేడి రావాలి.

"రంగు చూస్తే తెలియదా?" అంటారేమో. తెలియదు. కొంత కీమా వేడి చాలకముందే గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకు విరుద్ధంగా, పొగలోని నైట్రిక్ ఆక్సైడు మాంసపు ఎరుపుతో కలిసినప్పుడు పూర్తిగా ఉడికిన బిళ్లకూడా అంచున గులాబీరంగులోనే వుండిపోతుంది. గుచ్చి చూసే వంట ధర్మామీటరు ఇప్పుడు దొరుకుతున్నది. ఇంట్లో చిన్నపిల్లలూ, గర్భిణులూ, వృద్ధులూ వుంటే అది లేకుండా ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు కట్టె విషయం. పొగలోని సువాసన ముఖ్యంగా కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి ఆవిరి కావడంవల్ల వస్తుంది. మామిడి, జామ, చింత, తుమ్మ, ఇవన్నీ మనకు చేతికందే కట్టెలే. జామపొగ మెత్తగా, కాస్త తియ్యగా వుంటుంది. తుమ్మ బొగ్గు వేడికి మంచిది. వేపకట్టె దోమలను తరమడానికి వాడుకోండి, కీమాకు వద్దు. ఖమ్మం జిల్లాలో ఎక్కడ చూసినా కనిపించే జామాయిల్ పుల్లలు కూడా వద్దు. ఆ చెట్టుకు పేరు తెచ్చిన నూనెవాసనే మాంసానికి ఎక్కి, జలుబు మందు తిన్నట్లుంటుంది. ఆ కర్ర కాగితం మిల్లుకు పోవడమే న్యాయం. రంగులు వేసిన తలుపుచెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు అసలే వాడరాదు, వాటి పొగ విషం.

కట్టె ఎండినదై వుండాలి. పచ్చిదైనా, గాలి ఆడక ఉక్కిరిబిక్కిరి అయినా, తెల్లగా దట్టమైన పొగ వస్తుంది. అది చేదు. పలచగా, నీలిచాయగా లేచే పొగ మంచిపొగ. కొత్తవాళ్లు పొగ ఎంత ఎక్కువైతే అంత రుచి అనుకుని చేతిలోని చెక్కపేళ్లన్నీ ఒక్కసారి కుమ్మరిస్తారు. ఆ బిళ్లలు తింటే చల్లారిన పొయ్యిని నాకినట్లుంటుంది.

కసాయి దగ్గర మీ ఎదుటనే కీమా కొట్టించండి. మేకమాంసం బొత్తిగా కొవ్వులేనిదైతే బిళ్ల ఎండిపోయి పొడుం రాలుతుంది. ఐదింట ఒక వంతు కొవ్వు వుంటే బాగు. అల్లం వెల్లుల్లి, మిరపపొడి మీ ఇష్టం. ఉప్పు మాత్రం ముందుగా కలిపి పిసకవద్దు. ఉప్పుపడి పిసికిన కీమా జిగురెక్కి రబ్బరులాగా బిగుస్తుంది. నూరేసి గ్రాముల బిళ్లలు తట్టి, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చేసి, ఉప్పు పైపైన చల్లండి. గుంట వుంటే బిళ్ల ఉబ్బదు. ఆ తరువాత ఫ్రిజ్‌లో బాగా చల్లబడనివ్వండి. చల్లగా, కాస్త తడిగా వున్న పైభాగానికి పొగ ఎక్కువగా పడుతుంది.

మూతవున్న కాల్చుపొయ్యి వుంటే నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, బిళ్లలు రెండో పక్కన పెట్టి, చెక్కపేళ్లు రెండు వేసి మూత వెయ్యండి. లోపల 110, 120 డిగ్రీలు వుంటే దాదాపు గంటలో అవుతుంది. అది లేనివారికి మందపాటి ఇనుపమూకుడు చాలు. అడుగున గుప్పెడు జామపేళ్లు పరచి, వాటిపై కొవ్వు కారిపడడానికి చిన్న ఇనుప పళ్లెం, దానిపైన తీగజల్లి. పొగ లేచాక బిళ్లలు పెట్టి, మూత అంచున గోధుమపిండి ముద్ద అంటించి, సన్నని సెగమీద ఇరవై నిమిషాలు వుంచండి. తరువాత కాలిన పెనంమీద రెండువైపులా ఎర్రగా కాల్చి, మధ్యలో ధర్మామీటరు గుచ్చి చూడండి. నిప్పుమీదికి కొవ్వు కారనివ్వకపోవడానికి కారణం వున్నది. కొవ్వు మండిన పొగలో బెంజోపైరీన్ వంటి హానికర పదార్థాలు ఎక్కువ. పొగ పట్టించి నిల్వచేసిన మాంసాలతో సహా ఆ కోవ మాంసాలన్నింటినీ 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి కాన్సర్ పరిశోధన విభాగం కాన్సరు కారకాల పట్టికలో చేర్చింది. పండుగకో పబ్బానికో తినే వంటగానే దీనిని వుంచుకోవడం మేలు.

ఈ పని దొడ్లోనో, డాబామీదనో చెయ్యండి. బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలోకి ఎన్నటికీ తేవద్దు. పొగ కనిపించకపోయినా బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వుండదు, వాసనా వుండదు. చలిరాత్రి కుంపటి పక్కన నిద్రపోయినవాళ్లు తెల్లవారి లేవకపోవడం మనదేశంలో కొత్త వార్త కాదు.

మిగిలిన బిళ్లలు వుంటే? వేసవిలో ఖమ్మం ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ వేడిలో బయట గంటకు మించి వుంచరాదు. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు వుంటాయి, మళ్లీ పొగలుకక్కేటట్లు వేడి చేసుకోవాలి. నానమ్మగారి తునకల మాదిరి అటకమీద వేలాడదీస్తే మాత్రం అటక కింద పిల్లికి విందు.

మాంసం తినని ఇళ్లవాళ్లు చిన్నబోనక్కరలేదు. ఉడికించిన కందగడ్డ, అలసందలు మెత్తగా కలిపి తట్టిన బిళ్లలను పెనంమీద కాల్చి, చివర రగిలిన బొగ్గు, నెయ్యి చుక్క, అయిదు నిమిషాలు మూత. అంతే. పచ్చికీమా భయం వుండదు గనుక ఇందులో ధర్మామీటరు పనికూడా లేదు. బన్నులో టొమాటో సాసుకు బదులు గోంగూర పచ్చడి పూసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ చక్రాలు పెట్టి ఇవ్వండి. పట్నంనుంచి వచ్చిన పిల్లలు రెండోది అడుగుతారు.