నీడలో దాగిన కోణం

మన పిల్లలు చాలామంది లెక్క రాక ఆగిపోరు, లెక్కలోని వాక్యం విప్పలేక ఆగిపోతారు. ‘ఒక కోణం రెండవదాని రెట్టింపు కంటే 12 డిగ్రీలు ఎక్కువ’ అనగానే కలం కదలదు. ఆ ముడి విప్పే పద్ధతిని ఈసారి బహ్రెయిన్ ఎండలో చూపదలచాము.

మార్చి 21 ప్రాంతంలో రేయింబవళ్ళు సమానంగా ఉంటాయి. ఆ రోజు బహ్రెయిన్ రాజధాని మనామాలో నేలపై నిటారుగా ఒక కర్ర పాతామనుకుందాం. మిట్టమధ్యాహ్నం కర్ర, దాని నీడ, రెండింటి కొసలను కలిపే సూర్యకిరణం ఒక త్రిభుజమవుతాయి. కర్ర మొదట్లో లంబకోణం, అంటే 90 డిగ్రీలు. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 గనుక, తక్కిన రెండూ కలిసి 90. కర్ర కొసనున్న కోణమే ఆ ఊరి అక్షాంశం. నీడ కొసనున్నది సూర్యుని ఎత్తు.

ఇక లెక్క: సూర్యుని ఎత్తు, అక్షాంశపు రెట్టింపు కంటే 12 డిగ్రీలు ఎక్కువ. అక్షాంశమెంత?

ముందుగా, తెలియనిదానికి పేరు పెట్టాలి. అక్షాంశం ‘క’ అందాం. రెట్టింపు 2క. దానికంటే 12 ఎక్కువ, 2క + 12. రెండు కోణాలనూ కలిపితే 90 రావాలి:

క + 2క + 12 = 90
3క = 78
క = 26

సరిచూద్దాం. ఎత్తు 64, అక్షాంశం 26, మొత్తం 90. మనామా అక్షాంశం నిజంగానే సుమారు 26 డిగ్రీలు.

ఈ కోణం కాగితంమీదిది మాత్రమే కాదు. జూన్ 21 నాటికి సూర్యుడు ఉత్తరానికి 23½ డిగ్రీలు జరుగుతాడు. అప్పుడు కర్ర కొసన మిగిలేది 2½ డిగ్రీలే. ఆరడుగుల మనిషికి మూడు నాలుగు అంగుళాల నీడ! నడివేసవిలో మధ్యాహ్నపు వేళ ఆరుబయట పని చేయించరాదని బహ్రెయిన్ 2007 నుండి నిషేధం పెట్టింది. అక్కడ ఒప్పందంమీద పనిచేసే తెలుగువారికి ఆ నీడ విలువ తెలుసు. చెరకుతోటల్లో మన తాతముత్తాతలకూ తెలుసు.

పిల్లలచేత ఈ రెండూ చేయించండి. మన పెద్దలెందరో ఓడ ఎక్కిన కోరంగిలో, అదే రోజున, సూర్యుని ఎత్తు అక్షాంశానికి నాలుగు రెట్ల కంటే 5 డిగ్రీలు ఎక్కువ. వారు దిగిన మారిషస్‌లో మూడు రెట్ల కంటే 10 ఎక్కువ. జవాబులు 17, 20 రావాలి. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరాన, మరొకటి దక్షిణాన. ఆ నడుమ సముద్రాన్ని మనవాళ్ళు దాటి వచ్చారని కూడా చెప్పండి.