బీపీ పట్టీ: ఒక సాధనం జీవితకథ, ఉద్దానం చెప్పే పాఠం

గుండె నుంచి ధమనుల్లోకి ప్రవహించే నెత్తురు వాటి గోడల మీద కలిగించే ఒత్తిడినే రక్తపోటు అంటారు. ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రం ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానిని బాతు శ్వాసనాళం సాయంతో నిలువు గాజు గొట్టానికి కలిపి, నెత్తురు 8 అడుగులకు పైగా ఎగబాకడం చూసి ఆ సంగతిని 1733లో ప్రచురించాడు. 1828లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాయిజ్యూలీ నీటికంటే 13.6 రెట్లు బరువైన పాదరసాన్ని వాడడంతో అంత పొడవు గొట్టం అవసరం తీరిపోయింది. రక్తపోటును నేటికీ పాదరసపు మిల్లీమీటర్లలో చెప్పడం అప్పటి నుంచి వచ్చిన వాడుకే.

రక్తనాళాన్ని కోయకుండా కొలిచే సులువైన పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి రూపొందించాడు. దండచేతికి కట్టిన రబ్బరు పట్టీలోకి గాలి నింపుతూ, మణికట్టు దగ్గర నాడి ఆగిపోయిన చోట పాదరసం ఎంత ఎత్తున ఉందో చూడడమే ఆ పద్ధతి. అయితే దానివల్ల పై అంకె మాత్రమే తెలిసేది. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్కోవ్ పట్టీకి దిగువన స్టెతస్కోపు ఆనించి విన్నాడు. పూర్తిగా నొక్కుకుపోయిన ధమనిలో చప్పుడు ఉండదు. గాలి వదులుతున్నకొద్దీ నెత్తురు ఇరుకు దారిలో సుళ్లు తిరుగుతూ పారడంతో టక్ టక్‌మనే చప్పుడు మొదలవుతుంది. దారి పూర్తిగా తెరుచుకోగానే అది ఆగిపోతుంది. చప్పుడు మొదలైనచోటి పై అంకె గుండె ముడుచుకున్నప్పటి సిస్టోలిక్ పోటు, ఆగినచోటి కింది అంకె గుండె సడలినప్పటి డయాస్టోలిక్ పోటు. ఇప్పటి ఆటోమేటిక్ మిషన్లు చప్పుడుకు బదులు పట్టీలోని గాలి కంపనాలను పట్టుకుని ఈ రెండింటినీ లెక్కగడతాయి.

శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన ఉద్దానంలో ఈ అంకెలకు ఉన్న విలువ చాలా పెద్దది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో ఎన్నో కుటుంబాలను కుంగదీసిన దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. ఒంట్లోని ఉప్పును, నీటిని సరిచూస్తూ రక్తపోటును అదుపులో ఉంచేవి కిడ్నీలే. ఆ పోటు పెరిగితే ముందుగా దెబ్బతినేవాటిలో వాటి సన్నని వడపోత నాళాలూ ఉంటాయి. అంటే అధిక రక్తపోటు కిడ్నీ వ్యాధికి కారణమూ కాగలదు, ఫలితమూ కాగలదు. ఒళ్లునొప్పులకు తరచూ మింగే కొన్ని మాత్రలు ఈ రెండింటినీ మరింత చెడగొడతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. ఉద్దానంలో కనిపించే తరహా వ్యాధిలో బీపీ చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు, మూత్రంలో ప్రొటీను కూడా పెద్దగా పోకపోవచ్చు. కాబట్టి పట్టీ చూపిన 120/80ని చూసి కిడ్నీలు బాగున్నాయని అనుకోకూడదు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయితే వ్యాధిని తొలిదశలో పసిగట్టే పని మాత్రం ఊళ్లోనే మొదలుకావాలి.

కొలిచే తీరు సరిగా లేకుంటే అంకె తప్పుదారి పట్టిస్తుంది. అరగంట ముందు నుంచి టీ, బీడీ మానేసి, మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి 5 నిమిషాలు కదలక మెదలక కూర్చుని, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, చొక్కా చేయి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టించుకోవాలి. లావు చేతికి ఇరుకు పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేయించుకున్నవారికి ఆ చేతికి పట్టీ కట్టనే కూడదు. ఆ నొక్కుడుకు ఫిస్టులా మూసుకుపోతే ప్రాణాధారమైన దారే పోతుంది.

వేరువేరు రోజుల్లో కొలిచినా 140/90 లేదా అంతకు మించి కనిపిస్తే వైద్యుణ్ని కలవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ హద్దు ఇంకా తక్కువ కావచ్చు. అధిక రక్తపోటు చాలామందిలో తలనొప్పి అయినా తెప్పించకుండానే పెరుగుతుంది గనుక, బీపీ అంకెలను, క్రియాటినిన్ విలువను తేదీతో సహా ఒకే చీటీ మీద రాయించుకుని, టెక్కలిలోనైనా పలాసలోనైనా వైద్యుడికి ఆ చీటీ చూపించడం ప్రతి ఇంట్లోనూ అలవాటు కావాలి.