కత్తి ఒక్కటుంటే చాలునా?

కావలి: బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఒకటుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానిని 1974లో అమెరికాలో అచ్చువేశారు. ప్రతి వేషానికీ బలం, తెలివి, మాటకారితనం అంకెల్లో ఉంటాయి. కుర్రకారు చూపు బలం మీదే. తీరా కథలో బేరం కుదర్చవలసిన చోట ఆ వీరుడు నోరు పెగలక దిక్కులు చూస్తాడు.

నెల్లూరు సీమకు ఈ చిక్కు కొత్త కాదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలుండేవారు, అన్నదమ్ముల బిడ్డలు. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి దగ్గర కాటమరాజుతో తగవు వచ్చింది. మాటతో తెగవలసినది కత్తుల దాకా పోయింది. పాలేటి ఒడ్డున పోరులో ఖడ్గ తిక్కన నేలకొరిగాడు. మనుమసిద్ధి గద్దె పోయినప్పుడు మాత్రం కవి తిక్కన ఓరుగల్లు వెళ్లి, గణపతిదేవుని మెప్పించి సేనను రప్పించాడని చెబుతారు. అక్కడా చివరకు కత్తే కావలసి వచ్చిందనుకోండి!

కావలి పల్లెల పిల్లలు ఈ ఆట ఆడదలిస్తే జట్టులో ఇద్దరు తిక్కనలనూ ఉంచుకోవచ్చు. ఆడేది ఒక్కడే అయితే, కత్తికి పెట్టే అంకెలో కొంత తగ్గించి, పుల్లరి లెక్క తెలిసిన నోటికి ఇవ్వాలి.