సీసాలో మిగిలినవి 14 క్యాప్సూల్స్

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికో, సామాను సర్దుకోడానికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మా బావకి ఆ 60 రోజులూ ఇంటర్వ్యూలతోనే గడిచిపోయాయి. అపార్ట్‌మెంట్ లీజు, కారు అమ్మకం, పిల్లాడి స్కూలు కాగితాలు... డల్లాస్ నుంచి కూకట్‌పల్లి రావడానికి అక్క రాసుకున్న లిస్టు నాలుగు పేజీలుంది. అందులో 'చిన్నోడి మందులు' అన్న లైను పక్కన టిక్కు కూడా పడింది. ప్రిస్క్రిప్షన్ ఉంది, సీసా ఉంది. అయినా ప్రపంచానికి మందులు చేసి పంపే ఊరు మనది. హైదరాబాద్‌లో దొరకని మందు ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పండి!

ఉంది.

చిన్నోడంటే మా అక్క కొడుకు. తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం ఏడీహెచ్‌డీ అని తేలింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున ఆడరాల్ ఎక్స్‌ఆర్ ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నాడు. ఆంఫెటమిన్ లవణాలు కలిపి చేసే మందు అది. అమెరికాలో చాలామంది పిల్లలు వాడేదే. మన దేశంలో మాత్రం అమ్మరు. దిగిన మర్నాడే అక్క చెప్పింది, సీసాలో 14 మిగిలాయని. అక్కడ కూడా ఇది గట్టి నిఘా ఉన్న మందే. పాత చీటీ మీద మళ్లీ మళ్లీ ఇవ్వరు, ఎప్పటికప్పుడు కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి. అందుకే సూట్‌కేసు నిండా తెచ్చుకునే వీలు లేకపోయింది.

"మా ఫ్రెండ్‌ని కొరియర్ చెయ్యమంటే?" అంది అక్క. వద్దన్నాను. ఆంఫెటమిన్ మన ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉంది. పార్శిల్ కస్టమ్స్‌లో పట్టుబడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మనమే. పంపినవాళ్లకి అక్కడ కూడా తిప్పలే.

సరే, అక్కడి డాక్టర్ చీటీ పట్టుకుని ఇక్కడి షాపుకెళ్తే? ఇవ్వరు. మన దేశంలో రిజిస్టరైన డాక్టరే రాయాలి. పోనీ ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌లో ఇక్కడి డాక్టర్‌తో రాయించుకుందామంటే అదీ కుదరదు. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులు, ఎన్‌డీపీఎస్ జాబితాలోవి ఫోన్‌లోనో వీడియోలోనో రాయకూడదు. పిల్లాణ్ని తీసుకుని స్వయంగా వెళ్లాల్సిందే. పిల్లల సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. శని, ఆదివారాలు ఆపొచ్చని డల్లాస్ డాక్టరే ఇదివరకు చెప్పి ఉండటంతో, ఆ 14 అప్పటిదాకా సరిపోయాయి.

ఇక్కడో మాట. ఈ రకం మందుల ప్రభావం ఏ రోజుకారోజే. మానేసిన రోజే తేడా తెలుస్తుంది. కానీ పిల్లలకి ఆందోళన, డిప్రెషన్ కోసం ఇచ్చే సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి అలా కావు. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. 'ఊరు మారాక చూద్దాంలే' అని సీసా ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లు ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

డాక్టరమ్మ దగ్గర గంటసేపు పట్టింది. అక్క తెచ్చిన ఫైలు ఆ రోజు బాగా అక్కరకొచ్చింది. అమ్మానాన్నలు, టీచర్లు విడివిడిగా నింపిన వాండర్‌బిల్ట్ ఫారాలు, ఏ డోసు ఎప్పుడు మార్చారు, ఎత్తు, బరువు ఎలా పెరిగాయి, అన్నీ ఉన్నాయందులో. ఆవిడ వాటిని చదివి ఊరుకోలేదు. వాణ్ని మళ్లీ పరీక్షించారు. బీపీ, పల్స్ చూశారు. మా వంశంలో గుండె జబ్బులున్నాయా అని అడిగారు. అప్పుడు చెప్పారు: ఇక్కడ దొరికేవి ముఖ్యంగా రెండు, మిథైల్‌ఫెనిడేట్, అటొమాక్సెటిన్. రెండోది చాలా షాపుల్లో సులువుగా దొరుకుతుంది గానీ పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటిది ఆ రోజే పనిచేస్తుంది గానీ దొరకడమే కష్టం. మొదటిదే రాశారు, రెండు కాపీలు.

రెండెందుకంటే ఇది షెడ్యూల్ ఎక్స్. ఒక కాపీ షాపువాళ్లు తీసుకుని రెండేళ్లు దాచాలి. అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి, బీరువాకి తాళం ఉండాలి, లెక్క రాయాలి. నెలకి నాలుగు అమ్ముడుపోయే మందు కోసం ఇంత తతంగం ఎందుకని చాలా షాపులు పెట్టుకోవు. బండేసుకుని నేను ఆరు షాపులు తిరిగాను. ఒకాయన చీటీ చూసి నన్నూ ఓసారి ఎగాదిగా చూశాడు. ఇంకొకాయన "అమ్మా, పెద్దాసుపత్రుల ఫార్మసీల్లో అడగండి" అని మంచి మాట చెప్పాడు. అలా అడిగితే ఒకచోట 'తెప్పిస్తాం, వారం పదిరోజులు పడుతుంది' అన్నారు.

పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజుల్లో స్కూల్ నుంచి ఐదు ఫోన్లు. కొత్త దేశం, కొత్త క్లాసు, సెక్షన్‌కి నలభై మంది, తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. దానికి తోడు మందు లేదు. 'మీవాడు సీట్లో కూర్చోడు', 'పక్కవాడి పెన్సిల్ విరగ్గొట్టాడు'. ఒక రాత్రి నా పక్కన పడుకుని వాడే చెప్పాడు: "పిన్నీ, క్లాసులో ఫ్యాన్ సౌండ్, బయట ఆటో హారన్, మేడం మాట అన్నీ ఒకే వాల్యూమ్‌లో వినిపిస్తాయి. ఏది వినాలో నాకెలా తెలుస్తుంది?"

నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఏడీహెచ్‌డీ గురించి ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక మా అమ్మ. ఫోన్‌లో 'ఆంఫెటమిన్' అని వెతికింది. డ్రగ్స్ ముఠా అరెస్టు వార్తలొచ్చాయి. ఇంకేముంది! "చదువుకునే పిల్లాడికి మత్తుమందులేంటే? ఈ పదకొండు రోజులూ లేకుండా బతకలేదా? అల్లరి చెయ్యని మగపిల్లాడు ఎక్కడైనా ఉంటాడా?" అని అక్కని పట్టుకుంది. అక్క ఏడ్చింది. నేను మా అమ్మని మూర్ఖురాలు అనను. మనవడు మధ్యాహ్నం అన్నం ముట్టకుండా బాక్సు వెనక్కి తెస్తుంటే ఏ అమ్మమ్మ ఊరుకుంటుంది? ఆకలి తగ్గించడం ఈ మందులకి నిజంగానే ఉన్న గుణం. డాక్టరమ్మ దానికో దారి చెప్పారు. మాత్ర వెయ్యకముందే కడుపునిండా టిఫిన్ పెట్టాలి, మందు ప్రభావం దిగాక రాత్రికి గట్టిగా తినిపించాలి. ఇప్పుడు పొద్దున ఆరున్నరకి నెయ్యేసిన నాలుగు ఇడ్లీలు, రాత్రి ఎనిమిదికి పెరుగన్నం ముద్దలు కలిపి పెట్టే పని మా అమ్మది. మందు మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. మాత్ర వేసిందా లేదా అని మాత్రం తనే మొదట అడుగుతుంది.

మందు వచ్చాక ఇంకో చిక్కు. ఇది ఎనిమిది గంటలలోపే దిగిపోయే రకం. అదే మిథైల్‌ఫెనిడేట్‌లో పన్నెండు గంటలు పనిచేసేలా చేసిన మాత్రలూ ఉన్నాయి. పేరొక్కటే అయినా ఒంట్లో విడుదలయ్యే తీరు వేరు. స్కూల్ బస్సు దిగేసరికి ప్రభావం పోయి, హోంవర్క్ టైముకి ఇల్లు పీకి పందిరేసేవాడు. రెండో రివ్యూలో డాక్టరమ్మ రకం మార్చారు. ఇలాంటి మాత్రల్ని పొడి చెయ్యకూడదు, కొరకకూడదు, అలాగే మింగాలి. పాలల్లో కలిపి ఇద్దామన్న అమ్మ ఐడియా అక్కడితో ఆగింది.

స్కూల్ సంగతి వేరే కథ. డల్లాస్‌లో వాడికి 504 ప్లాన్ ఉండేది. పరీక్షకి అదనపు టైము, ముందు సీటు, మధ్యలో లేచి తిరిగే వీలు రాతపూర్వకంగా దొరికేవి. ఇక్కడ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులున్నాయి గానీ ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. ప్రిన్సిపల్ అదే చెప్పి చేతులెత్తేశారు. క్లాస్ టీచర్ మాత్రం ఏ కాగితమూ అడక్కుండా వాణ్ని ఫ్యాను కింద నుంచి తీసి మొదటి బెంచీకి మార్చింది. పీరియడ్‌కోసారి బ్లాక్‌బోర్డు తుడిచే డ్యూటీ ఇచ్చింది. లేచి నడవడానికి అదొక వంక.

మీ ఇంట్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరైనా ఇలా దేశం మారుతుంటే ఒక్క పని చేయించండి. ఇప్పుడు వాడే మందు అక్కడ దొరుకుతుందా అని కనీసం మూడు నెలల ముందు డాక్టర్‌ని అడగమనండి. దొరకదంటే, తెలిసిన డాక్టర్ కళ్లముందే, పాత స్కూల్లో ఉండగానే మందు మార్చుకోవచ్చు. దుబాయ్ వైపు వెళ్లేవాళ్లు ఇలాంటి మందులకి యూఏఈ ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. జపాన్‌కైతే ఆడరాల్ ప్రిస్క్రిప్షన్ ఉన్నా తీసుకెళ్లకూడదు. సీసా మీది లేబుల్ చింపకండి, డాక్టర్ లెటర్ హ్యాండ్ బ్యాగేజీలోనే పెట్టుకోండి. ఇక్కడికొచ్చాక ఎవర్ని కలవాలో తెలీకపోతే టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు రాయించుకోవడానికి మాత్రం మనిషి వెళ్లాల్సిందే. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు చెప్పగానే మొహం మాడ్చుకోకండి, అదీ డాక్టర్లుండే చోటే.

మా అక్క ఫోన్‌లో ప్రతినెలా 18న ఒక అలారం మోగుతుంది, 'ఫార్మసీకి ఫోన్' అని. మాత్రలు అయిపోవడానికి పన్నెండు రోజుల ముందన్నమాట. ఈ నెల ఫోన్ చేస్తే స్టాకు ఉందన్నారు. సోమవారం రివ్యూ. బరువు చూస్తారు. వాడికంటే మా అమ్మకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.