క్యాన్సర్ కారక రసాయనాలు: అనుమతి ఎవరికి, ఏ షరతులపై?

క్యాన్సర్ కలిగించే కొన్ని రసాయనాలను పనిచేసే చోట వాడాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం పలు దేశాల్లో ఉంది. మామూలు విషాలకు వర్తించే జాగ్రత్తలు వీటికి చాలవు. ఆమ్లం పడితే చర్మం వెంటనే కాలుతుంది, అమ్మోనియా పీలిస్తే అప్పుడే ఊపిరాడదు. క్యాన్సర్ కారకం అలా హెచ్చరించదు. దాని ఫలితం ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడవచ్చు. ఆలోగా కార్మికుడు ఉద్యోగం మానేయవచ్చు, కంపెనీయే మూతపడవచ్చు.

ఈ ముప్పు రంగుల పరిశ్రమలో స్పష్టంగా కనిపించింది. కృత్రిమ రంగులు తయారుచేసే కార్మికులకు మూత్రాశయంలో కణితులు వస్తున్నాయని జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లో వెల్లడించాడు. రంగుల తయారీలో వాడే బెంజిడిన్, 2-నాఫ్తైలమైన్ క్యాన్సర్ కారకాలని తర్వాత తేలింది. 1967లో బ్రిటన్ ఈ రెండింటినీ, ఇదే కోవకు చెందిన మరికొన్ని పదార్థాలనూ నిషేధించింది. ఏ రసాయనాలను నిషేధించాలో, వేటిని అనుమతితో వాడనివ్వాలో ఆమోదించిన ప్రతి సభ్యదేశమూ ఎప్పటికప్పుడు నిర్ణయించాలని 1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 139వ ఒడంబడికలో పేర్కొంది.

ఈ పద్ధతిని వివరంగా అమలుచేస్తున్న దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. అక్కడి నమూనా నిబంధనల్లో రెండు జాబితాలున్నాయి. మొదటిది నిషిద్ధ పదార్థాలది. బెంజిడిన్, 2-నాఫ్తైలమైన్, అఫ్లటాక్సిన్ల వంటివి ఇందులో ఉన్నాయి. పరిశోధనకో, పరీక్షకో తప్ప వీటికి అనుమతి దొరకదు. ఆ మినహాయింపు అవసరమెందుకో అఫ్లటాక్సిన్లను చూస్తే తెలుస్తుంది. వేరుశనగ, మొక్కజొన్న గింజలకు పట్టే ఒక రకం బూజు నుంచి ఇవి పుడతాయి. గింజల్లో ఈ విషం ఎంత ఉందో కొలవాలంటే, పోల్చి చూడడానికి ప్రయోగశాలలో శుద్ధమైన అఫ్లటాక్సిన్ కొద్దిగానైనా ఉండాలి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ విషంపై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది.

రెండో జాబితాలోవి నియంత్రిత పదార్థాలు. బెంజీన్, అక్రిలోనైట్రైల్, డైమిథైల్ సల్ఫేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివి ఇందులోకి వస్తాయి. పేర్కొన్న కొన్ని పనులకు వాడినప్పుడే వీటికి అనుమతి కావాలి. సైక్లోఫాస్ఫమైడ్ క్యాన్సర్ రోగులకు ఇచ్చే మందు, అదే క్యాన్సర్ కారకం కూడా. రోగికి దానివల్ల మేలు ఉంది. రోజూ ఆ మందు కలిపే ఆసుపత్రి సిబ్బందికి మాత్రం ముప్పే మిగులుతుంది. అందుకే ఆసుపత్రులూ ఈ పరిధిలోకి వస్తాయి.

అనుమతి కోరే దరఖాస్తులో ఏ రసాయనం, ఏడాదికి ఎంత, ఏ పనికి, ఎంతమందికి సోకే అవకాశం ఉంది అన్నవి చెప్పాలి. అంతకన్నా ముఖ్యంగా, బదులుగా ప్రమాదం తక్కువైనది ఎందుకు వాడలేరో చూపాలి. ఆ తర్వాతే మూసిన యంత్రాలు, గాలిని బయటికి లాగే ఏర్పాట్లు, చేతి తొడుగుల వంటి రక్షణల ప్రస్తావన వస్తుంది. షరతులు మీరినా, ఆ రసాయనం గురించి కొత్త ప్రమాదం తెలిసినా అధికారులు అనుమతిని రద్దుచేయవచ్చు.

అనుమతి గడువు ముగిసినా యజమాని బాధ్యత ముగియదు. ఆ రసాయనం సోకే అవకాశమున్న ప్రతి కార్మికుడి పేరు, పుట్టిన తేదీ, చిరునామా 30 ఏళ్లపాటు భద్రపరచాలి. ఉద్యోగం మానేటప్పుడు అతనికి రాతపూర్వక పత్రం ఇవ్వాలి. ఏ రసాయనం, ఏ కాలంలో సోకి ఉండవచ్చు, ఆ వివరాలు ఎక్కడ దొరుకుతాయి, వైద్యపరీక్షలు చేయించుకోవాలా అన్నవి అందులో ఉంటాయి. ఎప్పుడో మూత్రంలో రక్తం కనిపిస్తే డాక్టరు ఏ దిశగా వెతకాలో ఆ పత్రమే చెబుతుంది.

భారతదేశంలో ఇలాంటి రసాయనాలపై నియంత్రణ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ద్వారా వచ్చింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచాలనీ, వాటిని కార్మికులకు అందుబాటులో పెట్టాలనీ ఆదేశించింది. కాని 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టానికి కర్మాగారమే ప్రమాణం. ఉత్పత్తి జరగని కళాశాల ప్రయోగశాల ఆ నిర్వచనంలోకి వచ్చేది కాదు. రసాయనాన్నే ప్రమాణంగా తీసుకునే అనుమతి పద్ధతిలో ఆ తేడా ఉండదు. బెంజిడిన్ సీసా ఫ్యాక్టరీలో ఉన్నా, కళాశాల ల్యాబులో ఉన్నా నియమం ఒక్కటే.