రక్తపోటు మాత్ర, వాచిన పెదవి

తెల్లారేసరికి పెద్దాయన పెదవి బూరెలా ఉబ్బింది. దురద లేదు, దద్దుర్లు లేవు. "పురుగు కుట్టిందేమో డాక్టరుగారూ" అన్నారు. మూడేళ్లుగా ఎనలాప్రిల్ వాడుతున్నారు. ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడెందుకు పడదని ఆయన సందేహం. నేను మాత్రం ఆ రాత్రి వార్డులోనే ఉంచేశాను.

ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వంటి "ప్రిల్" మందులు ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని నశించనివ్వవు. అది పేరుకుంటే రక్తనాళాల నుంచి నీరు ఊరి పెదవులు, నాలుక వాస్తాయి. కొందరికి ఏళ్ల తరువాత కూడా. మామూలు ఎలర్జీ కాదు గనుక ఎలర్జీ మాత్ర మింగి కూర్చోవద్దు. వాపు గొంతుకు దిగితే ఊపిరాడదు. పెదవి వాచినప్పుడే ఆస్పత్రికి బయలుదేరండి. ఆ మాత్ర మళ్లీ ముట్టవద్దు, రక్తపోటుకు వేరే మందు రాయించుకోండి.

సి1 ఇన్‌హిబిటర్ అనే ప్రోటీను పుట్టుకతో లోపించినా, రోగనిరోధక వ్యవస్థే పొరపాటున దాన్ని పాడుచేసినా ఇదే వాపు వస్తుంది. వారికి "ప్రిల్" మందు అసలు పనికిరాదు.